అద్దం పెంక కింది కీర నారు

మా అత్తమ్మకూ నాకూ మాటలు బందైన చలికాలంలోనే మా ఇంటి కప్పుకు రెండు అద్దం పెంకలు పెట్టించారు. రెండు వేల ఆరో, ఏడో సరిగ్గా గుర్తులేదు. నా బిడ్డకు అప్పుడప్పుడే నడక వస్తోంది కాబట్టి ఏడే అయి ఉండాలి. మట్టి పెంకల నడుమ గాజు పెంక ఒకటి పెడితే ఇంట్లోకి ఎండ దిగుతుంది. లోకంలో అందరూ వంటింట్లో వెలుతురు కోసం పెట్టించుకుంటారు. మా అత్తమ్మ కీర మొక్కల కోసం పెట్టించింది. మనుషులు వండుకునే చోట చీకటి, మొక్కలు కూర్చునే చోట వెలుతురు, బాగానే ఉంది సంసారం అని గొణిగాను. నేను గొణగడమంటే ఆమెకు వినబడేటట్టే.

నేను నాగేపల్లి పిల్లను. మా పుట్టింట్లో వరి తప్ప ఇంకో పంట ఎరగం. నది ఇసుకలో కూడా వ్యవసాయం చేస్తారని సిరొంచకు కోడలుగా వచ్చాకే చూశాను. దీపావళి దాటాక ప్రాణహిత తగ్గుతుంది, ఇసుక బయటపడుతుంది. ఆ ఇసుకలో మోకాలి లోతు గుంటలు తీసి, ఎరువూ ఒండ్రూ వేసి, పుచ్చ, దోస, కీర పెడతారు. మళ్ళీ వానలకు ఏరు నిండేదాకా అది వాళ్ళ చేను. ఎవరి జాగా ఎక్కడుందో ఏ కాగితం మీదా ఉండదు, అందరికీ తెలుసు, అంతే. మామయ్య పోయాక కూడా అత్తమ్మ తన జాగా వదలలేదు. కొడుకు సిరొంచకూ అహేరికీ మధ్య జీపు నడుపుకుంటుంటే ఆమె ఒక్కతే ఇసుక చేసుకుంది.

చలికి కీర గింజ ఇసుకలో మొలవదు, మురిగిపోతుంది. అందుకని అందరూ చలి విరిగేదాకా ఆగుతారు. మా అత్తమ్మ ఆగే రకం కాదు. పుష్యమాసం మొదట్లోనే ఇంట్లో నారు లేపేది. మిగతావాళ్ళు గింజలు పెట్టే నాటికి ఆమె తీగలు ఇసుక మీద పాకుతుండేవి. శివరాత్రికి ఏరు దాటి అవతలి ఒడ్డున శివుడి దగ్గరకు పోయే జనం ఒక్కపొద్దుకు కీర కోసం వెతుక్కుంటారు. ఆ రోజుకు కాయ కోసేది రేవులో ఆమె ఒక్కతే.

నారు లేపడానికి ఆమెకొక పద్ధతి ఉండేది. గింజలను గోరువెచ్చని నీళ్ళలో నానేసి, పాత ధోవతి గుడ్డలో మూటగట్టి, ఆ మూటను రొంటిన దోపుకునేది. రెండు పగళ్ళు, రెండు రాత్రులు గింజలకు ఆమె ఒంటి వేడే. అన్నం తిన్నా, పడుకున్నా, ఎవరితోనన్నా కయ్యానికి దిగినా రొంటిన మూట రొంటిననే ఉండేది. మూడో నాడు విప్పితే ప్రతి గింజ మూతి దగ్గరా తెల్లటి మొలక. అప్పుడు మోదుగాకు దొప్పల్లో ఒండ్రు, మాగిన పెంట, ఇసుక కలిపి నింపి, దొప్పకొక గింజ పెట్టేది. కీర వేరు చెయ్యి తగిలితే ఓర్వదు. అందుకని పీకి నాటరు, దొప్పతో సహా ఇసుకలోకి దింపుతారు. ఆకు అక్కడే కుళ్ళి ఎరువవుతుంది.

నీళ్ళ సంగతి ఇంకా విచిత్రం. ఆమె మట్టిని చూసి నీళ్ళు పోసేది కాదు. దొప్పను అరచేతిలోకి లేపి చూసేది. తేలికగా ఉంటే నాలుగు చుక్కలు వేళ్ళతో చిలకరించేది, బరువుంటే అలాగే దించేది. పెళ్ళైన మొదటి ఏడు అది చూసి నవ్వాను. మా పుట్టింట్లో మొక్క అంటే నీళ్ళలో నిలబడేది. నీళ్ళు తక్కువై చచ్చిన మొక్కలు ఎన్నో చూశాను గానీ, ఎక్కువై చచ్చిన మొక్కను బుద్ధెరిగాక ఒక్కటి చూడలేదు.

అత్తమ్మ చెయ్యి మంచిదని మా వాడలో పేరు. గింజలు పెట్టే రోజు నలుగురూ తమ గింజలు తెచ్చుకుని, మొదటి గింజ ఆమె చేత పెట్టించుకుని, తర్వాతే తాము మొదలుపెట్టేవాళ్ళు. మావాళ్ళనీ సాయిబులనీ తేడా లేదు. వెనక వీధిలో గాజుల అంగడి నడిపే ముసల్మాన్ల ఇంటి పెద్దావిడ ఏటా తన పెరట్లో పందిరికి కీరా బీరా పాకించేది. ఆవిడను మేం గాజుల పెద్దమ్మ అనేవాళ్ళం. అత్తమ్మ చెయ్యి పడందే ఆవిడ ఒక్క గింజ మట్టిలో వేసేది కాదు. ఇందుకు అత్తమ్మ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. పొగడ్త మాత్రం పుచ్చుకునేది, అది కూడా కొంచెం ఎక్కువే.

ఆ ఏడు వానాకాలం చివర్లో రేవు మెట్ల మీద నాచుకు జారి అత్తమ్మ తుంటి విరిగింది. నెల రోజులు దవాఖానలో ఉండి వచ్చింది. ఎముక అతుక్కుంది గానీ నడక రాలేదు. అరచేతులు నేలకు ఆనించి ఇంట్లో కూర్చునే జరిగేది. గడప దాటాలంటే ఎవరో ఒకరు ఎత్తాలి. పడ్డప్పుడు కుడిచెయ్యి కూడా కింద నొక్కుకుపోయింది. అది అప్పుడప్పుడూ వణికేది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, గ్లాసు పట్టుకున్నప్పుడు నేనే చూశాను.

ఇసుక తేలే కాలం వచ్చేసరికి ఈసారి జాగా వదిలేద్దామని నేనూ మా ఆయనా అనుకున్నాం. ఆయన జీపు వదిలి రాలేడు. మిగిలింది నేను, నా చంకలో పిల్ల. మండే ఇసుకలో కుండలతో నీళ్ళు మోసి గుంట గుంటకూ పోయడం నా వల్ల కాదని ముందే చెప్పేశాను. అత్తమ్మ ససేమిరా అంది. నారు తను ఇంట్లో కూర్చునే లేపుతుందట, నేను తీసుకెళ్ళి ఇసుకలో దింపి నాలుగు నీళ్ళు పోస్తే చాలట. ఆ "చాలు" అన్న మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కూసున్నకాడికెల్లి హుకుం జేసుడు అల్కనే ఉంటది, మోసేటోళ్ళకు తెలుస్తది," అన్నాను.

నడవలేని మనిషితో అనవలసిన మాట కాదు అది. నోట్లోంచి వచ్చాకే తెలిసింది. అత్తమ్మ నా మొహం వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది, ఆ పూట నుంచి నాతో మాట్లాడటం మానేసింది. తప్పు నాదే అయినా నేనూ తగ్గలేదు. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని పెద్దలు ఊరికే అనలేదు. మా ఇద్దరి గుణాలూ రెండు నెలల పాటు ఒకే కప్పు కింద బాగా బయటపడ్డాయి. కూరలో ఉప్పు ఎక్కువైతే ఆ సంగతి కొడుకుతో చెప్పి నాకు చెప్పించేది. నేను ఆమెకు రెండు మూరల దూరంలో పొయ్యి ముందే ఉండేదాన్ని. నేనూ జవాబు ఆయనతోనే పంపేదాన్ని. ఆయన పాపం ఇటొకసారి అటొకసారి తల తిప్పుతూ చల్లారిన అన్నం తినేవాడు.

ఆయనే చివరికి ఒక దారి చూపించాడు. ఈ ఒక్క ఏడు చూద్దాం, నారు నిలిస్తే ఇసుక చేద్దాం, నిలవకపోతే జాగా వదిలేద్దాం అన్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఇద్దరం ఒప్పుకున్నాం.

వెనకటి ఏళ్ళలో నారు చాటను అత్తమ్మ పొద్దున్నే వాకిట్లో ఎండకు పెట్టి, పొద్దు వాలగానే పొయ్యి పక్కకు తెచ్చుకునేది. ఇప్పుడు వాకిలి ఆమెకు అందదు. అందుకే అద్దం పెంకలు. వాటిలోంచి చాటంత ఎండ నేల మీద పడేది. పొద్దున పడమటి గోడ దగ్గర వడ్ల గుమ్మి కింద మొదలై, మెల్లమెల్లగా జరిగి, సాయంత్రానికి తూర్పు వాకిలి దాకా వచ్చేది. నలభై దొప్పలు పేర్చిన చాటను అత్తమ్మ ఆ ఎండతో పాటే జరుపుతూ పోయేది. చాటను ఒక జానెడు తోయడం, దాని వెనక తను ఒక జానెడు జరగడం. రోజంతా ఆమె నడక అదే. నేను ఇల్లు ఊడుస్తూ ఆమె చుట్టూ చీపురు తిప్పుకుని పోయేదాన్ని, అక్కడ మనిషే లేనట్టు.

ఐదారు రోజులకు మొలకలు తలెత్తాయి. మొదట గింజ తొక్కును నెత్తిన పెట్టుకుని వంగి ఉండి, మరునాటికి తొక్కు రాలిపోయి రెండేసి ఆకులు విప్పాయి. బయట చలిగాలికి కోళ్ళు కూడా గూట్లోంచి రాని రోజులవి. ఆ చలిలో మా ఇంట్లో నలభై పచ్చటి మొక్కలు. వాటి మీద నాకు మెల్లగా మనసు పడింది. ఒప్పుకోవడానికి అప్పుడు సిగ్గుపడ్డాను గానీ, పొద్దున లేవగానే నా కళ్ళు మొదట చాట వైపే పోయేవి.

మధ్యాహ్నం అన్నం తిన్నాక అత్తమ్మ గోడకు ఆనుకుని కునుకు తీసేది. ఒక రోజు అప్పుడు చాట దగ్గర కూర్చుని చూశాను. దొప్పల మీద ఇసుక తెల్లగా ఎండిపోయి ఉంది. ముసలామెకు కళ్ళు ఆనడం లేదు, నీళ్ళు మరిచిపోతోంది అనుకున్నాను. మాటలుంటే లేపి అడిగేదాన్ని. మాటలు లేవు. చెంబుతో నీళ్ళు తెచ్చి దొప్ప దొప్పకూ పోశాను. వరి చేసిన చెయ్యి నాది, చిలకరించడం రాదు, పోయడమే వచ్చు. ఇసుక నల్లగా తడిసి మెరుస్తుంటే నాకు ప్రాణం నిమ్మళమైంది. మరునాడు మధ్యాహ్నానికి మళ్ళీ పైన తెల్లబడింది, మళ్ళీ పోశాను. అలా రోజూ, ఆమె లేచేలోపల, ఇంట్లో దొంగలాగా. లోపల చిన్న గర్వం కూడా ఉంది. నారు నిలిచాక, అది నీ చేతి వల్ల కాదు, నా చెంబు వల్ల నిలిచిందని ఏదో ఒక రోజు చెప్పి ఆమె నోరు మూయించాలని.

ఎండ తగిలేది పైన ఇసుకకే, అడుగున మట్టి తడి ఆరదు, ఇంట్లో గాలి లేదు కాబట్టి అసలే ఆరదు. ఇది ఇప్పుడు ఎవరడిగినా చెబుతాను. అప్పుడు తెలియదు.

పొద్దున పూట నేను ఏటికి బట్టలకు వెళ్ళేదాన్ని. ఒకసారి బయలుదేరుతూ వెనక్కి చూస్తే అత్తమ్మ ఒక దొప్పను అరచేతిలోకి లేపి ఉంది. మొహం చిట్లించి దించింది. ఇంకోటి లేపింది, అదీ దించింది. తర్వాత ఎడమ చేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని పిసుక్కుంటూ కూర్చుంది. చెయ్యి నొస్తున్నట్టుందని అనుకుని నేను నా బట్టల మూట ఎత్తుకుని పోయాను. అక్కడ ఆగి ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

మొలకలు తలెత్తిన పన్నెండో నాటి పొద్దున మొక్కలు ఒరిగిపోయి ఉన్నాయి. ఆకులు పచ్చగానే ఉన్నాయి, మట్టి దగ్గర మెడలు మాత్రం దారంలా సన్నబడి పక్కకు పడ్డాయి. పొద్దుటికి పదో పన్నెండో, సాయంత్రానికి సగం, మరునాటికి మిగిలినవి కూడా. నేను ఒక దొప్ప లేపి చూశాను. ఇంత దొప్ప అంత బరువు ఉండకూడదు. అడుగు ఆకు నల్లబడి చేతిలోనే చినిగింది, కుళ్ళిన నీళ్ళు మోచేతి దాకా కారాయి. చంపింది నేనేనని అప్పుడే, ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది.

అత్తమ్మ ఏడవలేదు. చాటను ఎండలోంచి గోడ పక్కకు నెట్టేసింది. సాయంత్రం కొడుకు జీపు దిగి లోపలికి రాగానే, చెంబు నీళ్ళు కూడా ఇవ్వనీయకుండా చెప్పింది.

"జాగ ఇగ ఇడ్సిపెట్టుర్రి కొడుకా. నా చెయ్యి పోయింది."

మా ఆయన నా వైపు చూశాడు. ఏదన్నా చెబుతానని కాదు, ఊరికే చూశాడు. అప్పుడు చెప్పవలసింది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇన్నేళ్ళకు కూడా నాకు నేను అందంగా చెప్పుకోలేను. మొక్కలు చావాలని నేను కోరలేదు, దేవుని తోడు. కానీ అవి చచ్చాక, ఇక ఇసుకలో కుండలు మొయ్యక్కరలేదని లోపల ఎక్కడో ఒక నిట్టూర్పు లేచింది. ఆ నిట్టూర్పుకు నేను సిగ్గుపడ్డాను. సిగ్గుపడి నోరు మూసుకున్నాను. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు గదా, ఆ సామెత మనకు పనికొచ్చినప్పుడే గుర్తొస్తుంది.

రెండో రోజే గాజుల పెద్దమ్మ వచ్చింది. చలి విరుగుతోంది, పందిరి కట్టించాను, జర నీ చెయ్యి పెట్టు వదినే అని కాగితం పొట్లం విప్పింది. అత్తమ్మ ఆ గింజల వైపు కూడా చూడలేదు. తన చెయ్యి ఇక మంచిది కాదని, ఇంకొకరి చేత పెట్టించుకొమ్మని చెప్పింది. పెద్దమ్మ మొదట ఆటలాడుతోందనుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, గోడ పక్కనున్న చాటను చూసింది. ఇంతదానికే ఎందుకింత పరేషాన్ అవుతావని సముదాయించింది. అత్తమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. పెద్దమ్మ పొట్లం మళ్ళీ మడిచి కొంగున కట్టుకుని, గుమ్మంలో ఒకసారి ఆగి, వెళ్ళిపోయింది. నేను వంటింట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఏరిందే మళ్ళీ ఏరాను.

ఆ తర్వాత అత్తమ్మ ఒక్కొక్క పనీ వదిలేసింది. పాలు తోడు పెట్టేది ఎప్పుడూ ఆమే. తోడు కోడలినే పెట్టమని కొడుకుతో చెప్పింది. పప్పు చెరగడం మానింది. పొద్దున పసుపు గడపకు రాయడానికి నేను గిన్నె దగ్గర పెడితే, దాన్ని వేలితో దూరం జరిపింది. ఆ అద్దం పెంకల ఎండ మాత్రం పడమటి గోడ దగ్గర మొదలై, ఎప్పటిలాగే ఇల్లంతా తిరిగి పోయేది. ఆమె జరిగేది కాదు. ఎక్కడ పొద్దున కూర్చుంటే పొద్దు గూకేదాకా అక్కడే.

నాకు కోపం వచ్చేది. నాలుగు కీర మొక్కలు పోతే ఇంత గోలా అని. ఎదుటి మనిషి మీద తప్పు చేసినప్పుడు ఆ మనిషి మీదే కోపం రావడం ఏం న్యాయమో నాకు తెలియదు, వస్తుంది మాత్రం. ఆ రోజుల్లో గిన్నెలు చప్పుడయ్యేటట్టు పెట్టాను, పిల్లను ఊరికే కసిరాను, మా ఆయనతో కారణం లేకుండా పోట్లాడాను.

తొమ్మిదో నాడు ఆదివారం. వారానికొకసారి నా బిడ్డకు నూనె రాసేది అత్తమ్మే. తుంటి విరిగాక కూడా అది మానలేదు, పక్కన చాప మీద పడుకోబెట్టుకుని రాసేది. ముందటి ఆదివారం పిల్లకు జలుబు చేసి నూనె మానేశాం. ఈ ఆదివారం ఆమె పిలవలేదు. పిల్లకు అలవాటు కదా, తనే నూనె గిన్నె రెండు చేతులా పట్టుకుని తడబడుతూ వెళ్ళింది, సగం నూనె దారి పొడుగునా ఒలికింది. గిన్నె ఆమె ముందు పెట్టి చాప మీద బోర్లా పడుకుంది. అత్తమ్మ రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుంది. పిల్ల కాసేపు చూసి, లేచి ఆ కొంగు పట్టుకుని గుంజింది. ఆమె ఇంకా లోపలికి దాచుకుంది.

"పో బిడ్డ, మీ అమ్మ దగ్గరికి పో. నా చెయ్యి నీకు తగలద్దు," అంది.

ఆ మాట పొయ్యి దగ్గరున్న నాకు వినబడింది. కీర మొక్కల గురించి అనుకుంటూ వచ్చాను తొమ్మిది రోజులు. ఆమె తన చేతిని నా బిడ్డకు చెడు చేసే వస్తువుగా అనుకుంటోందని అప్పుడే అర్థమైంది. పొయ్యి మీద కూర ఉన్నది ఉన్నట్టు వదిలేసి వెళ్ళి ఆమె ముందు కూర్చున్నాను.

"అత్తమ్మా, నారుకు నేను నీళ్ళు పోసిన."

రెండు నెలల తర్వాత ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది. ఆమెకు అర్థం కాలేదు. మధ్యాహ్నం ఆమె కునుకు తీసినప్పుడు చెంబుతో దొప్ప దొప్పకూ పోశానని చెప్పాను. రోజూనా అని అడిగింది. రోజూ అన్నాను. ఎంత అని అడిగింది. దొప్ప నిండా అన్నాను.

తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆమె కొంగు కింది నుంచి కుడిచెయ్యి బయటికి తీసింది. బోర్లా ఒకసారి, వెల్లకిలా ఒకసారి తిప్పి చూసుకుంది.

"బరువున్నదనే చెప్పింది ఇది," అంది, నాతో కాదు. "పొద్దుగాల లేపినప్పుడల్ల బరువే. నేనే నమ్మలే. సత్తువ పోయింది గద, అల్కటిది గూడ బరువనిపిస్తున్నదనుకున్న. ఇగ కండ్లతోని జూసి, పైన ఎండినట్టున్నదని నేను గూడ పోసిన."

అంటే పొద్దున ఆమె, మధ్యాహ్నం నేను. పొద్దున ఆ చెయ్యి నిజమే చెబుతుంటే, దాన్ని అబద్ధం చేసింది నా చెంబు. నేను తల దించుకుని కూర్చున్నాను. ఆమె చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"అయితే నా చెయ్యి పాడు గాలే?"

"కాలే అత్తమ్మా."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్కు కొంగుతో తుడుచుకుని, పిల్లను చాప మీదికి లాక్కుని, గిన్నెలో మిగిలిన నూనె అరచేతిలోకి వంచుకుంది. వీపుకు రాసింది, కాళ్ళకు రాసింది. పిల్ల కితకితలకు నవ్వుతుంటే మధ్యలో చెయ్యి ఆపింది.

"నారు సచ్చి ఎన్ని దినాలాయె?"

చెప్పాను.

"తొమ్మిది దినాలు నేను సచ్చిన మనిషి లెక్క కూసున్న. నీకు ఎరికుండి జూస్కుంట తిరిగినవ్," అంది.

కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు చెప్పింది. క్షమించమని అడగడం మా ఇళ్ళలో అలవాటు లేదు, నాకూ నోరు రాలేదు. కూర మాడిన వాసన వస్తే లేచి వెళ్ళాను.

ఆ మధ్యాహ్నమే ఆమె సొరబుర్రలో బూడిద కలిపి దాచిన గింజలు దింపించింది. సగానికి పైగా మిగిలే ఉన్నాయి. మళ్ళీ నానేసింది, మళ్ళీ మూట కట్టింది. ఆ నారు నిలిచింది, ఇసుకలో దిగింది. శివరాత్రికి కాయ అందలేదు, మా తీగలు ఆ ఏడు అందరి తీగలతో పాటే కాశాయి. కుండలు నేనే మోశాను. భుజం మీద తోలు లేచింది, తిట్టుకుంటూనే మోశాను. చామోర్షి నుంచి వచ్చిన బేరగాడు కాకడి, అంటే మన కీర, లేతగా ఉందని నిలబడే రెండు తినేశాడు. కానీ నాకు ఆ కాయల కన్నా, ఆ ఆదివారం పొద్దు గూకే ముందు జరిగిందే ఎక్కువ గుర్తుంది.

అత్తమ్మ కబురు పెట్టకుండానే గాజుల పెద్దమ్మ వచ్చింది. ఆమెకు మా సంగతేమీ తెలియదు. ఇంకోళ్ళ చేత పెట్టించుకోబుద్ధి కాలేదని, ఇంకొక్కసారి అడిగి చూద్దామని వచ్చానని చెప్పి, అదే పొట్లం కొంగులోంచి తీసి విప్పింది. అత్తమ్మ ఈసారి చెయ్యి చాపింది. పెద్దమ్మ గింజలు ఆ చేతిలో పోస్తూ, అసలు ఆ నారుకు ఏమైంది వదినే అని అడిగింది.

నేను పిల్లను ఎత్తుకుని గుమ్మంలో ఉన్నాను. అది ఊరికే పోయే ప్రశ్న కాదు. పెద్దమ్మ అంగడికి గాజులకొచ్చే ఆడవాళ్ళు ఏ మాట విన్నా పొద్దు గూకేసరికి వాడంతా తిరుగుతుంది. అత్తమ్మ చెయ్యి పోయిందన్న మాట అప్పటికే తిరిగింది. కోడలు నీళ్ళు పోసి ముంచిందని ఒక్క ముక్క చెబితే ఆమె పేరు ఆమెకు తిరిగొస్తుంది. చెప్పే హక్కు ఆమెకుంది, పడవలసిన దాన్ని నేను. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

అత్తమ్మ గింజల్లోంచి ఒకటి వేళ్ళతో ఎంచి పక్కన పెట్టింది.

"ఇద్దరం పోసినం నీళ్ళు. ఒకలకొకలం చెప్పుకోలే," అంది.

పెద్దమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఖాళీ అయిన కాగితం మడుచుకుంది. నేను వంటింట్లోకి పోయి, పిల్ల భుజం మీద మొహం పెట్టుకుని ఏడ్చాను. నన్ను కాపాడిందని కాదు. కాపాడటానికి అబద్ధమాడి ఉంటే అంత ఏడుపు వచ్చేది కాదు, ఆమె చెప్పింది నిజం.